పుట్టగానే ఏడవని బిడ్డ: అమ్మానాన్నల ప్రశ్నలు, చట్టం చెప్పే జవాబులు

మా బాబు పుట్టగానే ఏడవలేదు, వారం పైగా బాక్సులో ఉంచారు. ఇప్పుడు పాలు బాగానే తాగుతున్నాడు. ఇంక భయం లేనట్టేనా?

పుట్టగానే ఏడవకపోతే మెదడుకు ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు. అది స్వల్పంగా తగ్గిన పిల్లల్లో చాలామంది మామూలుగానే ఎదుగుతారు. బాగా తగ్గితే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం), ఫిట్స్, వినికిడి, చూపు లోపాలు రావచ్చు. నడక సవ్యంగా వచ్చినా, కొందరికి బడిలో చేరాకే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఇబ్బందులు బయటపడతాయి. నాలుగో నెల దాటినా మెడ నిలపకపోతే, పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉంచితే, ఒక్క చేతినే వాడుతుంటే వెంటనే చూపించండి. “వాళ్ళ నాన్నకీ అన్నీ ఆలస్యమే” అని ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే ధైర్యం చెబుతారు. ఆ మాట నమ్ముకుని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మొదటి రెండేళ్ళలో మెదడు వేగంగా ఎదుగుతుంది, థెరపీకి అసలు సమయం అదే.

ఆస్పత్రి వాళ్ళు డిశ్చార్జి కాగితం ఒక్కటే ఇచ్చారు. మిగతావి అడగొచ్చా?

అడిగి తీరాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు వాటిని భద్రపరచాలి, ఆ తర్వాత దొరక్కపోవచ్చు. నోటిమాటగా కాక దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద తేదీ, సంతకం వేయించుకోండి. ప్రసవం కేస్ షీట్, కడుపులో ఉండగా తీసిన బిడ్డ గుండె చప్పుడు గ్రాఫ్, పుట్టగానే బిడ్డ స్థితి చూసి వేసే ఆప్గార్ స్కోరు, మెదడు స్కాన్, ఇవన్నీ పేరుపేరునా రాయండి. కేసు ఆలోచన లేకపోయినా ఇవి కావాలి. రేపు మీరు కలిసే పిల్లల న్యూరాలజిస్టు మొదట అడిగేవి ఇవే.

థెరపీకి వైకల్య సర్టిఫికెట్ ఉండాలా?

అక్కర్లేదు. దాని కోసం ఆగనే వద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఉన్న డీఈఐసీ (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే) కేంద్రాల్లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితం. దారి ఆశా కార్యకర్త చెబుతుంది.

మరి సర్టిఫికెట్ దేనికి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సౌకర్యం కూడా ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది.

తప్పు ఆస్పత్రిదే అనిపిస్తోంది. ఏం చేయాలి?

మాయ ముందే విడిపోవడం, బొడ్డుతాడు జారడం లాంటివి జాగ్రత్తగా చూసినా జరగొచ్చు. అందుకే ముందు రికార్డులు మరో డాక్టరుకు చూపించండి. నిర్లక్ష్యమని తేలితే, డబ్బు తీసుకున్న ఆస్పత్రి మీద 2 ఏళ్ళలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు దాని పరిధిలోకి రావు, వాటి మీద కోర్టుకే వెళ్ళాలి. లాయరు ఫీజుకు భయపడి ఆగకండి: మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.