పశ్చాత్తాపము – దండనము

నేరము చేసి పాఱిపోయి, పిమ్మట సన్మార్గమున జీవించినవారికి శిక్ష తగ్గింపవచ్చునా? ఇది విజ్ఞులు విచారింపవలసిన ధర్మసందేహము. అమెరికాలో జరిగిన ఒక ఉదంతమును పరిశీలింతము.

1970 సెప్టెంబరులో బోస్టన్ నగరమున కొందఱు ఒక బ్యాంకును దోచిరి. వారిలో ఒకడు వాల్టర్ ష్రోడర్ అను పోలీసు అధికారిని కాల్చి చంపెను. ఆయనకు తొమ్మిదిమంది బిడ్డలు. దోపిడీదారులకై కారుతో వేచియున్న కళాశాల విద్యార్థిని కాథరీన్ పవర్, మాఱుపేరుతో 23 సంవత్సరములు అజ్ఞాతమున గడపెను. ఆరిగన్ రాష్ట్రమున వంటవిద్య బోధించుచు, కుమారుని పెంచుచు నలుగురి మన్ననకు పాత్రురాలయ్యెను. 1993లో తానై లొంగిపోయి నేరమొప్పుకొనెను. న్యాయస్థానము 8 నుండి 12 సంవత్సరముల శిక్ష విధించెను.

ఆమె సత్ప్రవర్తన అబద్ధము కాదు. అయినను ఆ 23 ఏండ్లును తండ్రిలేని బిడ్డల ఇంటను గడచినవి. ఈ రెండింటిని తూచుటయే న్యాయము. 1998లో ముందస్తు విడుదలకై చేసికొన్న వినతిని, విచారణ జరుగుచుండగా ఆమెయే ఉపసంహరించుకొనెను. 1999లో విడుదలయ్యెను.

దాగియున్నంతకాలము సన్మార్గము సగమే. నష్టపడినవారి యెదుట తలవంచి నిలిచినప్పుడే అది పూర్ణమగును. కనికరమునకు అర్హత అచ్చటనే ఆరంభమగును.