వీడియో ఆటలు – వయస్సు గుర్తులు

పాఠ్యభాగ పరిచయం

చలనచిత్రానికి ధ్రువీకరణ పత్రం ఉన్నట్లే, వీడియో ఆటకు కూడా అది ఏ వయస్సువారికి తగినదో తెలిపే గుర్తు ఉంటుంది. ఆ గుర్తును ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారు? అది ఎంతవరకు నమ్మదగినది? దానిని పరీక్షించడానికి తగిన కొలబద్ద ఏది? ఈ వ్యాసం ఈ విషయాలను వివరిస్తుంది.

పాఠ్యభాగం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసి త్రినగరిగా ప్రసిద్ధి పొందాయి. చుట్టుపక్కల పల్లెలనుండి ఇంటర్మీడియట్ చదువుకోసం ఇక్కడికి వచ్చి వసతిగృహాలలో ఉండే విద్యార్థులు ఎందరో ఉన్నారు. సొంత సెల్‌ఫోన్ చాలామందికి ఈ వయస్సులోనే చేతికి వస్తుంది. దానితోపాటే ఆటలూ వస్తాయి. పూర్వం వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులిజూదం వంటి ఆటలు ఇంటి అరుగుమీద పెద్దల కనుసన్నలలో సాగేవి. పొద్దుపోయిందని లేపేవారు, పందెం కాస్తే మందలించేవారు పక్కనే ఉండేవారు. ఫోనులోని ఆటకు అరుగు లేదు. పెద్దలు చేసే ఆ పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు ఆట పేరు పక్కన కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అనే అంకెలు చేయవలసి వస్తున్నది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు 16, 18 అనే రెండు గీతల నడుమ ఉన్నవారు. కనుక ఆ అంకెల మంచిచెడ్డలు వారికి సొంత విషయమే.

మన దేశంలో వయస్సునుబట్టి వినోదాన్ని విభజించే పద్ధతి సినిమాలతో పరిచయమైనది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాలు అందరూ చూడదగినవనీ, పెద్దలకు మాత్రమే పరిమితమైనవనీ రెండుగా విభజింపబడ్డాయి. 1983లో తల్లిదండ్రుల విచక్షణకు విడిచిపెట్టే ‘యు/ఏ’ తరగతి చేరింది. 2023 నాటి సవరణతో ఆ తరగతి 7+, 13+, 16+ అని మూడుగా చీలింది. సినిమా విషయంలో పరిశీలకులకు ఒక సౌలభ్యం ఉన్నది. రెండున్నర గంటల చిత్రాన్ని ఆద్యంతం చూసి పత్రం ఇవ్వవచ్చు. ఒకసారి పత్రం పొందిన చిత్రం ప్రతి ప్రేక్షకునికీ ఒకే విధంగా కనిపిస్తుంది. వీడియో ఆట అటువంటిది కాదు. అది ఆడేవాని నిర్ణయాలనుబట్టి మారుతుంది, నెలనెలా కొత్త భాగాలను చేర్చుకుంటుంది, ముఖపరిచయం లేనివారితో మాటలు కలుపుతుంది.

ఆటలకు వయస్సు గుర్తులు వివాదాలనుండి పుట్టాయి. ‘మోర్టల్ కాంబాట్’, ‘నైట్ ట్రాప్’ వంటి ఆటలలోని హింసపై 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ప్రభుత్వం చట్టం చేయకముందే పరిశ్రమ మేలుకొని 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థను నెలకొల్పింది. ఐరోపాలో 2003లో పెగి అనే విధానం అమలులోకి వచ్చింది. తరువాత ఫోన్లలోని ఆటలు లెక్కకు మించి పెరిగాయి. వాటికోసం 2013లో ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. గూగుల్ ప్లే 2015లో ఆ విధానాన్ని స్వీకరించింది. దీని ప్రకారం ఆటను రూపొందించినవారు ఒక ప్రశ్నావళికి సమాధానాలు ఇస్తారు. హింస ఉన్నదా, అశ్లీలం ఉన్నదా, జూదం ఉన్నదా వంటివి ఆ ప్రశ్నలు. సమాధానాలను లెక్కకట్టి యంత్రమే అంకెను నిర్ణయిస్తుంది. అనగా ఆ అంకెకు మొదటి ఆధారం అమ్మేవాని మాట. ఫిర్యాదులు వచ్చినప్పుడు తిరిగి పరిశీలించే ఏర్పాటు ఉన్నప్పటికీ, అది ఆట విడుదలైన తరువాతి సంగతి.

అమ్మేవాని మాట అసంపూర్ణమైతే అంకె తప్పుతుందని రెండు ఉదాహరణలు నిరూపిస్తాయి. 2005లో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ అనే ఆటలో, పరిశీలకులకు చూపకుండా మిగిలిపోయిన అశ్లీల దృశ్యం ఒకటి బయటపడింది. అప్పటివరకు 17 ఏళ్లు దాటినవారికి తగినదని గుర్తు పొందిన ఆ ఆట, పెద్దలకు మాత్రమే పరిమితమైన తరగతికి మార్చబడింది. మరుసటి సంవత్సరం ‘ఆబ్లివియన్’ అనే ఆట గుర్తు కూడా 13+ నుండి 17+కు మారింది. మారేలోగా వాటిని కొన్నవారు పాత గుర్తునే నమ్మారు.

సమాధానాలన్నీ నిజమైనప్పుడు కూడా ప్రశ్నలు సరియైనవి కాకపోతే ఫలితం వక్రిస్తుంది. 2024లో విడుదలైన ‘బలాట్రో’ పేకముక్కలతో ఒక్కరే ఆడుకునే ఆట. ఇందులో నిజమైన ధనాన్ని పందెం కాసే వీలు లేదు. అయినా పేకాటను పోలినదని ఐరోపాలో దానికి 18 అనే గుర్తు వేశారు. అప్పీలు చేసిన తరువాత 2025 ఫిబ్రవరిలో దానిని 12కు తగ్గించారు. 2023లో వచ్చిన ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24’ అనే ఫుట్‌బాల్ ఆటలో, లోపల ఏ క్రీడాకారుడు ఉన్నాడో తెలియని పొట్లాలను డబ్బు పెట్టి కొనే ఏర్పాటు ఉన్నది. అదృష్టాన్ని నమ్ముకొని సొమ్ము చెల్లించే ఈ ఆటకు ఐరోపా విధానం 3 అనే గుర్తు ఇచ్చింది. కొనుగోళ్ల ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకోవడం 2023లో ప్రారంభించిన జర్మనీ సంస్థ అదే ఆటకు 12 ఇచ్చింది. ఆట మారలేదు, కొలబద్ద మారింది. పేకముక్క బొమ్మను చూసి బెదరిన కొలబద్ద, జూదపు స్వభావాన్ని గుర్తించలేకపోయింది.

మన దేశంలో వీడియో ఆటలను ముందుగా పరిశీలించి పత్రమిచ్చే ప్రత్యేక సంస్థ చాలాకాలం ఏర్పడలేదు. ప్రభుత్వాలు ఎక్కువగా నిషేధాలను ఆశ్రయించాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో ధనంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీని నిలిపివేసింది. అందుకు చూపిన కారణం దేశ భద్రతే గాని పిల్లల వయస్సు కాదు. 2021లో దాని స్థానంలో వచ్చిన ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’, 18 ఏళ్లలోపువారికి తల్లిదండ్రుల అనుమతిని, రోజుకు 3 గంటల కాలపరిమితిని, 7,000 రూపాయల వ్యయపరిమితిని ప్రకటించింది. కాలాన్ని, ధనాన్ని గుర్తించిన ఈ నియమాలు ఉత్త అంకెకన్న మేలైనవి. కాని సామాన్య కుటుంబానికి రోజుకు 7,000 రూపాయలు పరిమితి అనిపించుకోదు. పైగా ఆటగాడు తన వయస్సును నిజంగా చెప్పినప్పుడే అవి ఫలిస్తాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ధనంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. పందెం లేని ఆటలో గంటలు కరిగిపోవడాన్ని ఆ నిషేధం ఆపదు.

కనుక వయస్సు గుర్తును పరీక్షించేవారు నాలుగు అంశాలను విచారించాలి. మొదటిది, అది ఎవరి మాటపై ఆధారపడినది? రెండవది, కంటికి కనిపించే హింస, అశ్లీలతలతోపాటు ధనవ్యయాన్ని, అపరిచితులతో సంభాషణను, ఆట విడువనీయని ఏర్పాట్లను కూడా లెక్కించినదా? మూడవది, కొత్త భాగాలు చేరిన తరువాత తిరిగి పరిశీలించారా? నాలుగవది, ఒకే ఆటకు వేర్వేరు దేశాలు ఇచ్చిన గుర్తులలో తేడా ఎందుకు వచ్చినది? తరగతిలోని విద్యార్థులు తమకు తెలిసిన ఒక ఆటను తీసుకొని, దానికి ఉన్న గుర్తును ఒక వరుసలో, ఆడినప్పుడు వాస్తవంగా ఎదురైన విషయాలను మరొక వరుసలో రాసి పోల్చవచ్చు. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ ఆట ఆడుతున్నారో తల్లిదండ్రులకన్న ముందుగా తెలిసేది వారికే. అందుచేత ఈ పోలిక ఇంటికి కూడా ఉపకరిస్తుంది.

లోపాలు ఉన్నవని వయస్సు గుర్తును తోసిపుచ్చడం వివేకం కాదు. ఏమీ తెలియని తల్లికి అదే తొలి హెచ్చరిక. అయితే గుర్తు చెప్పేది ఆటలో ఏమున్నదన్న సంగతి మాత్రమే. ఆడేవాని నిద్ర, చదువు, చేతిలోని సొమ్ము ఏమవుతున్నవో చెప్పదు. ఆ లెక్కను ఆడేవాడే చూసుకోవాలి.

కఠిన పదాలు – అర్థాలు

కొలబద్ద : కొలిచే సాధనం, ప్రమాణం
కనుసన్న : కంటి సైగ, పర్యవేక్షణ
ఆద్యంతం : మొదటినుండి చివరివరకు
విచక్షణ : మంచిచెడ్డలను వేరుచేసి చూసే శక్తి
వక్రించు : వంకరపోవు, తప్పుదారి పట్టు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానం రాయండి.
1. వీడియో ఆటల వయస్సు గుర్తులలోని లోపాలను ఉదాహరణలతో వివరించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సినిమాను పరిశీలించడానికి, వీడియో ఆటను పరిశీలించడానికి గల భేదం ఏమిటి?
2. ‘ఆట మారలేదు, కొలబద్ద మారింది’ – సందర్భాన్ని వివరించండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఈఎస్‌ఆర్‌బీ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. పబ్‌జీ నిలిపివేతకు కేంద్రం చూపిన కారణం ఏమిటి?