ఆంగ్లదేశపు తోటయు, బెంగళూరు గులాబియు

మన పిల్లలు చదువు ఇంగ్లీషు వాచకములలో ఒక చిత్రము తరచుగా కనిపించును. చిన్న యిల్లు, దాని వాకిటిమీదుగా ప్రాకిన గులాబి, ఆ గులాబి కొమ్మల నడుమ ఊదారంగు పూలతో అల్లుకొన్న మరియొక తీగ. ఆ తీగ పేరు క్లెమాటిస్. ఆ చిత్రమును చూచిన పిల్లలు "మన యింట ఇట్టి పూలు ఏల పూయవు?" అని అడుగుట సహజము. ఆ ముచ్చట తీర్చుటకై కొందరు తల్లిదండ్రులు నర్సరీకి పోయి, పూలతో నిండిన గులాబి మొక్కను కొని తెత్తురు. రెండు నెలలు గడచునప్పటికి ఆకులు రాలి, కొమ్మలు కొననుండి నల్లబడి, మొక్క ఎండిపోవును. "మా చేతికి గులాబి అచ్చిరాదు" అని వారు సరిపెట్టుకొందురు.

చేతియందు దోషమేమియు లేదు. ఒక దేశపు పంచాంగమును చూచి మరియొక దేశమున తోట వేయుటయే పెక్కుచోట్ల ఈ నష్టమునకు మూలము. ఆంగ్లేయుని తోటనుండి మనము అతని కారణములను నేర్వవలెను, తేదీలను మాత్రము మన ఆకాశమును చూచి నిర్ణయించుకొనవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతియే.

ఆ తోటలోని కారణములు

ఇంగ్లండులో నేడు మనము చిత్రములలో చూచు ఇంటితోట పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున రూపుదిద్దుకొన్నది. అంతకు పూర్వము సంపన్నుల తోటలలో ఋతువునకొక తడవ పూలమొక్కలను గళ్లుగా నాటి, పూత ముగియగనే పెరికివేయు పద్ధతి ప్రబలముగా నుండెను. విలియం రాబిన్సన్ అను ఉద్యానవేత్త 1883లో ప్రకటించిన "ది ఇంగ్లిష్ ఫ్లవర్ గార్డెన్" అను గ్రంథమున ఆ పద్ధతిని ఖండించి, ఏండ్ల తరబడి నిలుచు మొక్కలను వాని స్వభావమునకు తగిన తావున నాటవలెనని బోధించెను. గెర్ట్రూడ్ జెకిల్ (1843–1932) అను విదుషీమణి పల్లెటూరి కుటీరముల పెరళ్లనుండి పాఠములు గ్రహించి, ఆ మార్గమును మరింత విస్తరింపజేసెను.

గులాబిని, క్లెమాటిస్‌ను జంటగా పెంచుటకు తగిన కారణము కలదు. తీగగులాబి అని మనము పిలుచునది నిజమునకు చుట్టుకొను తీగ కాదు. అది పొడవైన కొమ్మలను సాచి, క్రిందికి వంగిన ముండ్లతో ప్రక్క కొమ్మలను పట్టుకొని పైకి లేచును. తోటలో దానిని గోడకో పందిరికో మనమే కట్టవలెను. ఈ ముల్లు నిమ్మముల్లువంటిది కాదు. నిమ్మముల్లు కొమ్మ లోపలినుండి పుట్టును. గులాబిముల్లు పైపొరనుండి పుట్టినది గనుక ప్రక్కకు నొక్కినంతనే ఊడివచ్చును. క్లెమాటిస్ అట్లుగాక తన ఆకుకాడలనే వ్రేళ్లవలె చుట్టి ఆధారమును పట్టుకొనును. సన్నని పుల్ల దొరికినను దానికి చాలును. అందుచే గులాబికొమ్మయే దానికి నిచ్చెన యగుచున్నది.

క్లెమాటిస్ పెంపకమునకు ఆంగ్లేయులు చెప్పు సూత్రమొకటి కలదు: పాదము నీడలో, తల ఎండలో ఉండవలెను. వేరు చల్లని తేమనేలలో నుండవలెను, పూవు వెలుతురులో నుండవలెను అని దీని భావము. అందుకై మొదట చదునైన రాళ్లు పరచుదురు, లేక పొట్టిమొక్కలు నాటుదురు. కొత్త మొక్కను కుండీలో నున్న లోతుకంటె రెండు మూడు అంగుళములు అధికముగా పాతుదురు. తెగులు సోకి పైభాగము చచ్చినను, మట్టిలోని కణుపులనుండి అది మరల చిగుర్చును.

తూర్పునుండి పోయిన గుణము

ఈ జంటను సంపూర్ణముగా ఆంగ్లదేశీయమని తలచుట పొరపాటు. యూరపులోని పాత గులాబులలో అధికభాగము ఏటికొక్క తడవ మాత్రమే పూచెడివి. ఏడాది పొడుగున పలుమారులు పూయు గుణము చైనా గులాబులది. అవి పద్దెనిమిదవ శతాబ్ది చివరనుండి ఓడలలో ఇంగ్లండు చేరినవి. ఆ మొక్కల ప్రయాణములో కలకత్తా యొక మజిలీగా నుండెను. 1817 ప్రాంతమున హిందూమహాసముద్రమందలి బూర్బన్ దీవిలో, అనగా నేటి రియూనియన్‌లో, తూర్పుపడమరల గులాబులు కలిసి బూర్బన్ జాతి వెలువడెను. 1867లో ఫ్రాన్సున గియో పెంచిన "లా ఫ్రాన్స్" గులాబిని హైబ్రిడ్ టీ తరగతికి ఆదిగా నెన్నుదురు. నేడు మన నర్సరీలలో దొరకు పెద్దపూల గులాబులలో పెక్కులు ఆ తరగతివే.

క్లెమాటిస్ కథయు నిట్టిదే. ఇంగ్లండున వోకింగ్ ఊరిలోని జాక్‌మన్ నర్సరీవారు 1858లో చేసిన సంకరమునుండి "జాక్‌మనీ" అను ఊదాపూల రకము వచ్చెను. దాని వంశమున చైనా తీగ యొకటి కలదు. ఆంగ్ల కుటీరమునకు గురుతుగా నిలిచిన రెండు మొక్కలలోను తూర్పుదేశపు పాలు ఉన్నదని పిల్లలకు చెప్పినచో, పూవు వెంట భూగోళమును గూడ నేర్చినవారగుదురు.

బెంగళూరునకు వచ్చిన విధము

బెంగళూరు తోటలకు ఆంగ్లేయులే ఆదిపురుషులు కారు. లాల్‌బాగునకు 1760లో హైదరాలీ పునాది వేసెను, టిప్పు సుల్తాను దానిని పెంపొందించెను. 1809లో దండు, అనగా కంటోన్మెంటు, ఏర్పడిన పిమ్మట విశాలమైన ఆవరణల నడుమ బంగళాలు లేచి, వాని ముంగిళ్ల గులాబిమళ్లు వెలసినవి. 1874 మొదలు 1908 వరకు లాల్‌బాగును నడిపిన జాన్ కామెరాన్ కాలముననే అందలి గాజుటింటికి 1889లో శంకుస్థాపన జరిగెను. మనము వండుకొను బెంగళూరు వంకాయయు అతని కాలమున విదేశమునుండి ఇచ్చటికి వచ్చినదని ప్రసిద్ధి. అతని తరువాత వచ్చిన జర్మను ఉద్యానవేత్త క్రుంబీగల్, ఒక చెట్టు పూత ముగియునప్పటికి మరియొకటి పూయునట్లు నగర వీథులలో చెట్లను ఎంపిక చేసి నాటించెను. ఏ చెట్టు ఈ నేలపై ఏ నెలలో పూయునో ముందుగా గమనించినవానికే అట్టి పని సాధ్యము.

రెండు పంచాంగములు

ఆంగ్లదేశమున నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు గులాబి చలిచే నిద్రించును. ఫిబ్రవరి మార్చి నెలలలో కొమ్మలు కత్తిరింతురు. వసంతమున చిగురించి జూన్‌లో విరియబూయును. అప్పుడు లండన్‌లో పగటి పొడవు దాదాపు 16 గంటల 40 నిమిషములు. శీతకాలమున అది 8 గంటలకు లోబడును.

బెంగళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట మిక్కిలి పొడవైన పగలు 13 గంటలు నిండదు, మిక్కిలి పొట్టి పగలు 11 గంటలకు తగ్గదు. ఈ నగరమున నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884 జనవరిలో. కావున గులాబికి ఇచ్చట గాఢనిద్ర లేదు. మార్చి మొదలు మే వరకు ఎండ, జూన్ మొదలు అక్టోబరు వరకు వాన, నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు చల్లని పొడిగాలి. ఈ చల్లని నెలలే మన గులాబికి మేలైన కాలము. ఆంగ్ల గ్రంథమును నమ్మి మార్చిలో గట్టిగా కత్తిరించినచో, లేతచిగురు నేరుగా వేసవి నోటబడును.

వానలు వెనుకబట్టిన పిదప, అక్టోబరు నవంబరు నెలలలో, ప్రధానమైన కత్తిరింపు చేయవలెను. కత్తిరించిన ఆరేడు వారములకు పూలు వచ్చును. ఎండిన కొమ్మలను, ఒండొంటితో రాచుకొను కొమ్మలను మొదలంట తీసివేసి, మిగిలినవానిని సగమునకు తగ్గింపవలెను. బయటివైపు చూచు కన్నునకు పావు అంగుళము పైగా, ఏటవాలుగా, పదునైన కత్తెరతో కోయవలెను. కొమ్మ కొననుండి నల్లబడుచుండినచో, కోతలో తెల్లని ఆరోగ్యమైన కర్ర కనబడువరకు క్రిందికి కోయుట అవసరము.

క్లెమాటిస్ మాట

పెద్దపూల క్లెమాటిస్ రకములకు శీతకాలపు విశ్రాంతి కావలెను. ఆ చలి ఇచ్చట లేనందున అవి బెంగళూరున నిలకడగా పూయుట అరుదు. దీనికై ధనము వెచ్చింపవలదని మా సలహా. అయినను ఈ కుటుంబము మనకు పరాయిది కాదు. క్లెమాటిస్ గౌరియానా అను అడవితీగ మన కనుమలలో సహజముగా పెరుగును. దాని పూలు చిన్నవి, తెల్లనివి. కాయలకు ఈకలవంటి తోకలుండును. దానికి ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తాకు పోవుటకు ముందు, మన గోదావరి ప్రాంతపు సామర్లకోటలో పెక్కేండ్లు మొక్కలను పరిశీలించిన వైద్యుడు.

క్లెమాటిస్ చేయు పనిని ఇచ్చట చేయగల తీగలున్నవి. ఊదారంగు కోరువారు శంఖుపుష్పమును నాటవచ్చును. అది విత్తునుండి సులభముగా లేచును, సన్ననిది గనుక గులాబిని అణచివేయదు. రాధామనోహరము బలిష్ఠమైన తీగ. దానికి వేరు పందిరి వేయుటయే మేలు.

ఎన్నిక, నాటుట

నర్సరీలో పూలను చూచి మొక్కను కొనరాదు, మొదలును చూచి కొనవలెను. గులాబులలో పెక్కులు కన్నంటు కట్టినవి. గట్టివేరు గల యొక జాతి క్రింద, కోరిన పూవు జాతి పైన ఉండును. అంటు ముడికి దిగువనుండి లేచు పిలకలు క్రింది జాతివి. వానిని పుట్టినచోటునుండి పెరికివేయనిచో, అవి బలిసి పైజాతిని చంపును. కొన్న గులాబి మరుసటి ఏట "రంగు మారినది" అని చెప్పుకొను కథలలో అధికభాగము ఈ పిలకల కథలే.

వేడిదేశమునకు తగిన గులాబిని ఇచ్చటనే సృష్టింపవలెనని కృషిచేసిన మనవారున్నారు. గోధుమ పరిశోధనకు పేరొందిన డాక్టర్ బి. పి. పాల్ అనేక గులాబులను సృష్టించి, 1966లో "ది రోజ్ ఇన్ ఇండియా" అను గ్రంథమును వెలువరించెను. ఆంధ్రప్రదేశ్‌లో ఐ. ఏ. ఎస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ గారు, పిదప కొడైకెనాల్‌లో స్థిరపడి, భారతదేశపు అడవిగులాబులతో సంకరములు చేసిరి. మన నగరపు అంచున హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ "అర్క పరిమళ", "అర్క సుకన్య" మొదలగు రకములను వెలువరించెను. ఇట్టి రకములను అడిగి తెచ్చుకొనుట మేలు.

కుండీ 12 అంగుళములకు తక్కువ కారాదు. ఎర్రమన్ను రెండు పాళ్లు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, అడుగు రంధ్రముపై పెంకు బోర్లించి నింపవలెను. దినమునకు 5 గంటలకు తక్కువగాక ఎండ తగులు తావు కావలెను. వానకాలమున ఆకులపై నల్లమచ్చలు వచ్చును. రాలిన ఆకులను ఏరి పారవేయుట, ఆకు తడవకుండ ఉదయము పాదులోనే నీరు పోయుట దీనికి మొదటి మందు. పేనుబంక పట్టినచో నీటిధారతో కడిగి, తగ్గనిచో వేపనూనె చల్లవలెను. పిల్లలు తాకు పూలపై ఘాటైన విషములు వాడరాదు.

నీటి మాట

బెంగళూరు త్రాగునీరు సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న కావేరినుండి పంపులతో ఎత్తున కెక్కి వచ్చుచున్నది. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు, త్రాగునీటిని తోటలకు వాడరాదని జలమండలి మార్చిలో నిషేధించి, ఉల్లంఘనకు 5000 రూపాయల జరిమానా విధించెను. ఇరుగుపొరుగువారు బిందెనీటికై నిలిచియుండగా గులాబికి కుళాయి విప్పుట న్యాయము కాదు. "పాదము నీడలో" అను ఆంగ్ల సూత్రము ఇచ్చట మనకు క్లెమాటిస్‌కంటె గులాబికే ఎక్కువ అక్కరకు వచ్చును. ఎండుటాకులు లేక కొబ్బరిపీచు పాదుపై రెండంగుళములు పరచినచో మట్టి ఆరదు. బియ్యము, కూరలు కడిగిన నీరు గులాబికి పనికివచ్చును. సబ్బునీరు పోయరాదు. నీటి శుద్ధియంత్రము విడుచు నీటిలో ఉప్పు హెచ్చు, గులాబి ఉప్పునకు ఓర్వదు. దానిని వాననీటితో పలుచన చేయనిదే పోయరాదు.

ఇంట చేయదగిన పాఠము

ఒక కుండీని పిల్లవాని పేర విడిచి, ఒక నోటుపుస్తకమును చేతికిత్తము. కత్తిరించిన తేది, తొలిచిగురు కనబడిన తేది, తొలిపూవు విరిసిన తేది, వాన కురిసిన దినములు వానిచే తెలుగున వ్రాయింతము. చిగురు, కణుపు, పాదు, పిలక, అంటు అను మాటలు వాచకమున చదివినదానికంటె చేతికి మన్ను అంటినప్పుడు చక్కగా మనసున నాటుకొనును. రెండేండ్లు ఇట్లు వ్రాసినచో ఆ యింటికి, ఆ మేడకు, ఆ కుండీకి తగిన పంచాంగము సిద్ధమగును. అట్టిది ఏ దేశపు గ్రంథమునను దొరకదు. జనవరిలో లాల్‌బాగు పుష్పప్రదర్శనమునకు పిల్లలను తీసికొనిపోవునప్పుడు ఆ పుస్తకమును వెంట నుంచుకొనుడు. అందలి గులాబులను ఏ నెలలో కత్తిరించియుందురో పిల్లలచేతనే లెక్కగట్టించుడు.