చేవను తినే పురుగు

పిల్లలూ, ‘చేవ’ అనే మాట మీలో చాలామంది విని ఉండరు. చెట్టు కాండం లోపల ముదిరి గట్టిపడిన కర్రను చేవ అంటారు. సత్తా లేనివాణ్ణి ‘చేవ చచ్చినవాడు’ అనడం మన వాడుక. ఆ చేవనే తొలిచి తినే పురుగు ఒకటి మన ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఉంది.

మేము భిలాయికి బదిలీ మీద వచ్చిన కొత్తలో జగదల్‌పూర్ వెళ్తుంటే, కొండగావ్ దగ్గర రోడ్డుకు ఇరువైపులా నిటారుగా పెరిగిన చెట్లు కనిపించాయి. పేరడిగితే పక్కసీటు పెద్దాయన ‘సరై’ అన్నారు. హిందీలో సాల్. ఈ రాష్ట్ర వృక్షం అదే. తెలుగులో గుగ్గిలం చెట్టు! మా ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు నిప్పుల మీద వేసే గుగ్గిలం దీని జిగురే. ఎన్ని ఊళ్లు మారినా ఎక్కడో ఒక పాత చుట్టం ఇలా ఎదురవుతూనే ఉంటుంది.

ఈ చెట్టుకు పట్టే పురుగును సాల్ బోరర్ అంటారు. పొడవైన మీసాలున్న గోధుమరంగు పెంకుపురుగు. తొలకరి పడగానే బయటికి వచ్చి, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు మొదట బెరడు కింద తిని, తర్వాత చేవలోకి దిగుతుంది. అక్కడే ప్యూపా అయి, రెక్కలొచ్చాక కూడా కదలకుండా మరుసటి తొలకరి దాకా కాచుకుని ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఊరుకోదు. జిగురు ఊర్చి పిల్లపురుగును అందులో ముంచి చంపేస్తుంది. అందుకే మామూలు ఏళ్లలో ఈ పురుగు పడిపోయిన చెట్లతో, నీరసించిన చెట్లతో సరిపెట్టుకుంటుంది. సంఖ్య మితిమీరితే మాత్రం బలమైన చెట్టు జిగురు కూడా చాలదు. 1997 ప్రాంతంలో జరిగింది అదే. మండ్లా, బిలాస్‌పూర్ వైపు లక్షల చెట్లకు పురుగు పట్టింది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఏర్పడలేదు, అవన్నీ మధ్యప్రదేశ్ అడవులు. మండ్లాకు ఇది కొత్త కాదు, 1920లలోనూ ఇలాగే నష్టపోయింది.

పురుగు పట్టిందని తెలిసేదెలా? చెట్టు మొదట్లో చూడాలి. తొలిచిన పొట్టు రంపపు పొట్టులా కుప్పపడుతుంది. అయితే పొట్టు రాలిన చెట్టల్లా చావదు. కొన్ని తేరుకుంటాయి. అందుకని పొట్టు ఎంత ఉంది, జిగురు కారుతోందా, కొమ్మల చివరలు ఎండాయా అని చూసి చెట్లను తరగతులుగా విడదీస్తారు. 1997లో ఎన్ని నరకాలన్న దానిపైనే పెద్ద వాదన నడిచింది. మా మట్టుకు మాకు, తేరుకోగల చెట్టును భయంతో కొట్టేయడం పురుగు చేసే నష్టానికి మన నష్టం కలపడమే అనిపిస్తుంది.

పురుగును పట్టే పద్ధతి భలే తమాషాగా ఉంటుంది. వానలు మొదలవగానే కొన్ని సాల చెట్లను నరికి దుంగలు చేసి, చివరల బెరడును చితక్కొడతారు. కారే రసం వాసనకు పురుగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అది తాగి, కల్లు తాగినట్టు మత్తుగా పడి ఉంటాయి. ఊళ్లవాళ్లు వాటిని ఏరి తల తుంచుతారు. తలలు లెక్కపెట్టి కూలి ఇస్తారు. యూరప్ స్ప్రూస్ అడవుల్లో బెరడు పురుగులకూ ఇలా ఎర దుంగలు వేస్తారు. పురుగులు తమలో తాము పిలుచుకునే వాసనను తయారుచేసి, దానితో బోనులు కూడా పెడతారు.

బాగా చెడిన చెట్లను ఎండాకాలం దాటనివ్వకుండా అడవిలోంచి తీసేయాలి. తొలి వాన పడిందా, లోపలున్నవన్నీ రెక్కలతో బయటికి వచ్చేస్తాయి.