ఒక ఆట – నాలుగు యంత్రాలు

టీవీకి తగిలించి ఆటలాడే యంత్రాన్ని కన్సోల్ అంటారు. యంత్రం ఒక కంపెనీది, అందులో ఆడే ఆట సంబంధం లేని వేరొకరిది అయితే, ఆ రెండోవారికి మూడో పక్షం అని పేరు. పత్తికొండ వాళ్ళకు ఇది సులభంగానే అర్థమవుతుంది. టమోటా పండించేది రైతు, మండీ ఇంకొకరిది. ముందే అడ్వాన్సు తీసుకొన్నవాడు గంపలు అక్కడే దించాలి, పక్క మండీలో ధర ఎక్కువ పలికినా సరే.

మూడో పక్షం పుట్టింది 1979లో. అటారి కంపెనీ ఆటల మీద తమ పేరైనా వేయడం లేదని డేవిడ్ క్రేన్ తదితర ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టినారు. అటారి యంత్రానికే ఆటలు రాసినారు. అటారి కోర్టుకెక్కింది. 1982లో రాయల్టీ కట్టే ఒప్పందంతో రాజీ కుదిరింది.

అసలు కట్టడి తెచ్చింది నింటెండో. 1985లో అమెరికాలో దించిన దాని యంత్రంలో తాళంలాంటి చిప్ ఒకటి పెట్టినారు. ఒప్పందం చేసుకొన్నవారికి ఏడాదికి ఐదు ఆటలే. ఒక ఆటను రెండేళ్ళదాకా వేరే కన్సోల్‌కు ఇవ్వకూడదు. కార్ట్రిడ్జిలు నింటెండోయే తయారుచేయిస్తుంది, డబ్బు ముందే కట్టాలి. కొనామి ఏం చేసిందో చూడండి: అల్ట్రా అని ఇంకో పేరు పెట్టి మరో ఐదు ఆటలకు దారి చేసుకొంది. సబ్సిడీ విత్తనాలకు ఇంట్లో ఇంకొకరి పాసుబుక్కు పట్టుకుపోయినట్టు!

ఒప్పందం అడ్డు లేకపోయినా యంత్రాలే అడ్డు. సెగా జెనిసిస్‌లో ప్రాసెసర్ వేరు, సూపర్ నింటెండోలో వేరు. ఒకదానికి రాసిన అసెంబ్లీ ప్రోగ్రాము రెండోదానికి పనికిరాదు. 1993లో 'అలాద్దీన్' పేరుతో సెగాకు వర్జిన్ సంస్థ ఒక ఆట, నింటెండోకు కాప్‌కామ్ పూర్తిగా వేరే ఆట చేసినాయి.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఒకే జాతి ప్రాసెసర్. యూనిటీ, అన్‌రియల్ వంటి ఇంజన్లు మార్పిడి పనిని చాలావరకు తీసుకొన్నాయి. అయినా ఏ కన్సోల్ కంపెనీ పరీక్ష దానిదే. తక్కువ శక్తిగల స్విచ్‌లో బొమ్మల నాణ్యత తగ్గించక తప్పదు.

మన దేశానికొస్తే, హైదరాబాదు ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో 'అసుర'ను కంప్యూటరు మీద విడుదల చేసింది. చేయి చిన్నదైనప్పుడు అది తెలివైన పని, కన్సోల్ పరీక్షల ఖర్చు లేదు. పుణే నోడింగ్ హెడ్స్ 'రాజి'ని 2020 ఆగస్టులో స్విచ్‌కు మాత్రమే ఇచ్చి, అక్టోబరులో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, కంప్యూటరుకు తెచ్చింది. రెండు నెలల కట్టుబాటు నా లెక్కలో భరించదగినదే. నింటెండో పాత రెండేళ్ళ గడువైతే, మిగతా మూడు చోట్లకు పోయేసరికి ఆ ఆటను అడిగేవారుండరు.