సరఫరా మార్గములు: రైతునకు వాని అర్థము, ఉపయోగము



విత్తనములు, ఎరువులు, మందులు, పనిముట్లు ఊరు చేరుటకును, ధాన్యము, ప్రత్తి, మిరప మొదలగునవి ఊరు వెడలి కొనువానిని చేరుటకును గల దారి సరఫరా మార్గమనబడును. రోడ్డు, రైలు, వాగుపై వంతెన, గిడ్డంగి, మార్కెట్టు, తూకము, హమాలీ, ఇవి యన్నియు ఒకే గొలుసులోని కొక్కెములు. ఒకటి తెగినచో తక్కినవి పనికిరావు. కావున ఏ పంట వేయవలయునని తలచునాడే, అది ఏ దారిని పోవునో, దానికి వలసిన ఎరువు ఏ దారిని వచ్చునో రైతు ఆలోచించుకొనవలయును.

పూర్వపు మార్గములు

రైలు రాకమునుపు ఈ సీమలో సరకు ఎడ్లపై నడచెడిది. లంబాడీలు వందలకొలది ఎడ్లపై గోనెలు వేసి, సముద్రతీరమునుండి ఉప్పును లోనాటికిని, లోనాటి ధాన్యమును ఇతర సీమలకును చేర్చుచుండిరి. 17వ శతాబ్దమున దక్కనునకు వచ్చిన మొగలు సేనలకు సయితము ధాన్యము తెచ్చినది వీరే. నేడు మానుకోట ప్రాంతమున పల్లెలకు నిలిచిన ‘తాండా’ యను పేరు మొదట ఆ ఎడ్ల బిడారునకు పేరు.

1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. ఆ మార్గము తూర్పునకు సాగి 1889 నాటికి బెజవాడ చేరెను. 1929లో కాజీపేట-బల్లార్షా మార్గము పూర్తియై, ఉత్తర దేశమునకును దారి యేర్పడెను. ఎడ్ల బిడారులు క్రమముగా అంతరించెను. రైలుకు దగ్గరనున్న ఊళ్లలో బేరము పెరిగెను. దూరమున నున్న ఊళ్లు బండి కిరాయికి లోబడెను.

మూడు తావులు, మూడు విధములు

జనగామ: ఇచ్చట సికింద్రాబాదు-కాజీపేట రైలుమార్గమును, హైదరాబాదు-వరంగల్లు రహదారియు కలవు. హైదరాబాదు సుమారు 85 కిలోమీటర్లు. ఇరువైపుల మార్కెట్లు ఉండుటచేత ఇచ్చటి రైతు రెండుచోట్ల ధర విచారించి అమ్మగలడు. కూరగాయలు, పాలు వంటి త్వరగా చెడు సరకునకు ఇట్టి తావు అనుకూలము.

మహబూబాబాదు: ఇది కాజీపేట-విజయవాడ రైలుమార్గముపై నున్నది. మిరప ఇచ్చటి ముఖ్యమైన పంటలలో నొకటి. కేసముద్రము పేరుగన్న మార్కెట్టు. మిరప ఎండిన సరకగుటచే దూరప్రయాణమునకు తట్టుకొనును. కాని ఫిబ్రవరి, మార్చి నెలలలో అందఱి సరకును ఒక్కసారి వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునకు చేరుటచే ధర తగ్గుటకు అవకాశము కలదు. ఇట్టి పంటకు దారి యెంత ముఖ్యమో, దారి మధ్యనున్న శీతల గిడ్డంగియు అంత ముఖ్యము.

భూపాలపల్లి: ఈ పట్టణమునకు రైలు లేదు. వరంగల్లు సుమారు 70 కిలోమీటర్లు. అడవులు, వాగులు మెండు. ఇచ్చట రోడ్డే ప్రాణాధారము. ఇట్టి తావున నిలువ యుండు పంటయే మేలు. దినములో చెడు పంటను విస్తారముగా వేయుట సాహసము.

మార్గము తెగినప్పుడు

2023 జూలై 27న మోరంచవాగు పొంగి, భూపాలపల్లి సమీపమున మోరంచపల్లి గ్రామము నీటమునిగెను. పరకాల-భూపాలపల్లి రహదారిపై రాకపోకలు స్తంభించెను. 2024 సెప్టెంబరు 1న అతివృష్టిచే ఇంటికన్నె-కేసముద్రము నడుమ రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి, అనేక రైళ్లు నిలిచిపోయెను. మార్గము బాగుపడుటకు కొన్ని దినములు పట్టెను. ఈ రెండును పంట ఎదుగుచు పైయెరువు కోరు కాలముననే జరిగినవని గమనింపుడు.

తెగుట మన యూరి వాగుననే జరుగనక్కఱలేదు. మన దేశము వాడు పొటాషు దాదాపు అంతయు విదేశములనుండి ఓడలపై రావలసినదే. 2023 చివరనుండి ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు జరుగుటచే, అనేక ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసివచ్చెను. 2025 వానకాలమున తెలంగాణలో యూరియా చాలక రైతులు బారులు తీరి నిలిచిరి. పొరుగున రామగుండమున 2021నుండి సంవత్సరమునకు 12.7 లక్షల టన్నుల యూరియా చేయగల కర్మాగార మున్నను ఈ కొఱత తప్పలేదు. దగ్గర నుండుట వేరు, వేళకు అందుట వేరు.

కిరాయి లెక్క

ఊరి కల్లమునందలి ధరకంటె పట్టణమున క్వింటాలునకు 100 రూపాయలు హెచ్చనుకొందము. బండి కిరాయి 2,000 రూపాయలు. బండిలో 40 క్వింటాళ్లు నింపినచో క్వింటాలునకు కిరాయి 50; లాభము 50. పదునాఱు క్వింటాళ్లే నింపినచో కిరాయి 125, నష్టము 25. ధర మారలేదు, దారి మారలేదు. బండి నిండకపోవుటయే నష్టకారణము. హమాలీ, గోనెలు, అడ్తి, వేచియున్న దినముల ఖర్చు దీనికి చేర్చి లెక్క చూచుకొనవలయును.

తేమయు నట్లే. నూటికి 24 పాళ్ల తేమగల పది క్వింటాళ్ల వడ్లను 17 పాళ్లకు ఆరబెట్టినచో సుమారు 84 కిలోల నీరు పోవును. ఆరబెట్టక తోలినవాడు ఆ నీటికి కిరాయి చెల్లించినవాడగును. పైగా కొనుగోలు కేంద్రములలో 17 పాళ్లకు మించిన వడ్లను తీసికొనరు. ప్రత్తికి 12 పాళ్లు హద్దు. 8 పాళ్లకు మించిన కొలది ధర తగ్గును.

ఆచరింపవలసిన పనులు

1. విత్తనములను, దుక్కియెరువును రోహిణికార్తె ముగియకముందే ఊరు చేర్చుకొనుడు. ఒక పంటకు వలసినంతయే కొనుడు. అంతకు మించి దాచినచో పొరుగువాని చేనికి కొఱత కలుగును. బస్తాలను నేలపై నుంచక చెక్కలపై నుంచుడు. విత్తనములను ఎరువులతో కలిపి యుంచకుడు.

2. పదిమంది కూడి బండి నిండుగా తోలుడు. ఎవరి బస్తాలపై వారి గుర్తు వేయుడు. బయలుదేరుటకు ముందు ఊరిలోనే తూచి వ్రాసికొనుడు.

3. సరకు కదలకముందే రెండు మార్కెట్ల ధర విచారింపుడు. బండి యెక్కిన సరకునకు బేరమాడు బలము తగ్గును.

4. వాన ముదిరిన యెడల ఏ వాగు ముందు పొంగునో, దానిని తప్పించు రెండవ బాట ఏదో ఊరివారందఱు తెలిసికొని యుండుడు. పొలము బాటలోని తూములను వేసవిలోనే పూడిక తీయుడు. పొంగుచున్న వాగులోనికి బండిని దింపకుడు.

5. ధర పడియున్నప్పుడు గిడ్డంగిలో నిలువ చేయవచ్చును. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగి యిచ్చు రసీదుపై బ్యాంకునుండి ఋణము పొందవచ్చును. అయితే అద్దెయు వడ్డీయు కలిపి, రాబోవు ధరతో పోల్చి చూచుకొనుడు.

చేను గట్టును ఏటేట సవరించుకొను రైతు, ఆ చేనినుండి మార్కెట్టు వఱకు గల దారిని గూడ తనదిగా నెంచవలయును. గట్టు తెగిన నీరు పోవును. దారి తెగిన ఏడాది కష్టము పోవును. కావున ఈ వేసవిలోనే ఊరివారు ఒకచోట కూడి, తమ పంట పోవు బాటను, ఎరువు వచ్చు బాటను, అవి తెగిన నడువవలసిన రెండవ బాటను కాగితముపై వ్రాసి యుంచుకొందురుగాక.