స్కాలర్‌షిప్ దరఖాస్తు: కాగితాల నుంచి ఖాతా దాకా



ఇంటర్ పాసై డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరినవారి కోసం కేంద్ర విద్యాశాఖ ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. కాలేజీల్లో దీన్ని సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అంటారు. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా మంజూరు చేస్తారు, అందులో సగం అమ్మాయిలకే. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ.12,000, పీజీలో రూ.20,000 వస్తుంది. బీటెక్ వారికి నాలుగో ఏడు రూ.20,000 ఇస్తారు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి.

అర్హతలో అందరూ తడబడే చోటు మార్కుల నిబంధన. ఇంటర్ బోర్డు ఫలితాల్లో 80 పర్సంటైల్ దాటాలి, అంటే ఆ ఏడాది ఆ బోర్డులో తమ విభాగంలో పాసైనవారిలో పై 20 శాతంలో ఉండాలి. వెయ్యికి ఎనిమిది వందలు వస్తే చాలన్న లెక్క ఇక్కడ పనిచేయదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మార్కులు ధారాళంగా పడతాయి కనుక ఆ గీత చాలా పైన ఉంటుంది. గీత దాటినా ఎంపిక ఖాయం కాదు. ప్రతి రాష్ట్రానికీ 18-25 ఏళ్ల జనాభాను బట్టి వాటా ఉంటుంది, దాన్ని సైన్స్, కామర్స్, హ్యుమానిటీస్ వారికి 3:2:1 చొప్పున పంచుతారు. కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షలు దాటకూడదు. రెగ్యులర్ కోర్సులో చదువుతూ ఉండాలి. దూరవిద్య, డిప్లొమా విద్యార్థులకు ఇది వర్తించదు.

దీనికంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ వేరే స్కాలర్‌షిప్ గానీ అందుకుంటున్నవారికి ఈ పథకం వర్తించదని నిబంధనల్లోనే ఉంది. రెండింటికీ దరఖాస్తు పెట్టి ఏది వస్తే అది తీసుకుందామనే అలవాటు చాలా ఇళ్లలో ఉంది కానీ, ఆధార్ ఆధారంగా నడిచే పద్ధతిలో అది దాగదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవారు పన్నెండు వేల కోసం దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. రాష్ట్ర పథకం ఆదాయ పరిమితి దాటి, నాలుగున్నర లక్షల లోపే ఉన్న కుటుంబాల పిల్లలకూ, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నామమాత్రపు ఫీజుతో చదివేవారికీ కేంద్ర స్కాలర్‌షిప్పే లాభం.

పథకం తేలాక కాగితాల పని. మార్కులు చాలక వెనక్కి వచ్చే దరఖాస్తుల సంగతి అలా ఉంచితే, పేర్లు కలవక ఆగిపోయేవి కొల్లలు. తెలుగువారి ఇంటిపేరు ఈ చిక్కుకు మూలం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అది పేరు చివరికి చేరుతుంది. ఇంగ్లిషులో ‘లక్ష్మి’ని ఒకచోట ఒక రకంగా, మరోచోట మరో రకంగా రాస్తారు. మనిషి చూస్తే ఒక్కరేనని తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. పేరుకూ పుట్టిన తేదీకీ పదో తరగతి మెమోనే మూలంగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి సరిపోయేలా దిద్దించుకోవాలి, ఆ తర్వాత బ్యాంకు ఖాతాను ఆధార్‌కు సరిపోయేలా మార్చుకోవాలి. ఈ వరుస తప్పితే ఒక సవరణ మరో సవరణకు అడ్డం వస్తుంది. ఆధార్ మార్పుకు రోజులు పట్టవచ్చు కనుక ఇంటర్ పరీక్షలు అయిన వేసవే దీనికి అనువైన సమయం.

ఆదాయ ధ్రువపత్రం తహసీల్దార్ కార్యాలయం ఇచ్చేదై ఉండాలి. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా కూడా దరఖాస్తు చేయవచ్చు. స్కాలర్‌షిప్ ప్రకటన వెలువడ్డాక ఆ కౌంటర్ల దగ్గర రద్దీ తప్పదు.

బ్యాంకు ఖాతా విద్యార్థి సొంత పేరు మీద ఉండాలి, వాడుకలో ఉండాలి. రెండేళ్లపాటు లావాదేవీలు లేని ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తుంది. స్కూలు రోజుల్లో తెరిచి మరచిపోయిన ఖాతాల గతి తరచూ ఇదే. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు ఆధార్ సీడింగ్. ఖాతాకు ఆధార్ నంబరు ఇవ్వడం వేరు, ప్రభుత్వ సొమ్ము ఈ ఖాతాకే రావాలని చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ వ్యవస్థలో నమోదు చేయించడం వేరు. ఈ రెండో పనికి బ్యాంకులో విడిగా సమ్మతి పత్రం ఇవ్వాలి. ఒక ఆధార్‌కు ఒకే ఖాతా అక్కడ నమోదై ఉంటుంది, చివరగా చేయించినదే చెల్లుతుంది. సిమ్ కార్డుతో పాటు ఊరికే తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలోకి స్కాలర్‌షిప్ వెళ్లి పడితే, రాలేదని కాలేజీ చుట్టూ తిరిగేవారు ఉంటారు. ఏ బ్యాంకు నమోదై ఉందో మై ఆధార్ వెబ్‌సైట్‌లోని బ్యాంక్ సీడింగ్ స్టేటస్‌లో చూసుకోవచ్చు.

ఇక ఫారం. పోర్టల్‌లో ముందు ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) అనే నమోదు చేసుకోవాలి. ఆధార్‌తో, మొబైల్‌లో ముఖ గుర్తింపుతో 14 అంకెల నంబరు వస్తుంది, చదువు పూర్తయ్యేదాకా అదే పనికొస్తుంది. నెట్ సెంటర్‌లో నింపించినా మొబైల్ నంబరు మాత్రం విద్యార్థిదో తల్లిదండ్రులదో ఇవ్వాలి. సెంటర్ వారి నంబరు ఇస్తే మరుసటి ఏడు ఓటీపీ వారి ఫోన్‌కు పోతుంది, అప్పటికి ఆ సెంటర్ ఉంటుందో లేదో. ఇంటర్ రోల్ నంబరు, పాసైన సంవత్సరం మెమోలో ఉన్నట్టే వేయాలి. బోర్డు పంపిన జాబితాతో సరిచూసేది వాటితోనే. మెమోలు, ధ్రువపత్రాలు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫీజు రశీదు స్కాన్ చేయించి, ఏ ఫైలు ఏమిటో తెలిసే పేర్లతో ఫోన్‌లో ఒకచోట, మెయిల్‌లో మరోచోట దాచుకోవడం మేలు. అసలు కాగితాలు ఎవరికీ వదిలి రాకూడదు.

సబ్మిట్ నొక్కితే సగం పనే అయినట్టు. దరఖాస్తు మొదట కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌కు వెళుతుంది. విద్యార్థి ప్రింటు, జిరాక్సులు తీసుకుని వెళ్లి కలిస్తేనే అక్కడ కదులుతుంది. అన్ని కాలేజీల్లోనూ ఈ పనికి ప్రత్యేకంగా మనిషి ఉండడు. పాఠాలు చెప్పే లెక్చరర్‌కే అదనంగా అప్పగిస్తారు, గడువు చివరి వారంలో ఆయన దగ్గర వరుస కడతారు. కాలేజీ దాటాక పై స్థాయిలో మరో పరిశీలన ఉంటుంది. ఎక్కడైనా ‘డిఫెక్టివ్’ అని వస్తే లోపం దిద్ది గడువులోగా మళ్లీ పంపే వీలుంటుంది. ‘రిజెక్టెడ్’ అని పడితే ఆ ఏటికి అంతే. వారానికి ఒకసారి స్టేటస్ చూసుకునేవారికే ఆ దిద్దే అవకాశం చేతికందుతుంది.

ఎంపికైనవారు ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు వార్షిక పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ప్రకటన ఏటా ఒకే తేదీకి రాదు కనుక కాలేజీ తెరిచినప్పటి నుంచి పోర్టల్‌ను గమనిస్తూ ఉండాలి.